చివరి వరుసకు వినిపించాలి
(మైక్ సెట్టు నుంచి డిజిటల్ క్లాసు దాకా ఒక ఉపాధి పాఠం)

మన హాస్టల్ వార్షికోత్సవం అనగానే చాలామందికి పులిహోర, బహుమతులు గుర్తొస్తాయి. మాకు మాత్రం మైకు గుర్తొస్తుంది. మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు ముఖ్య అతిథి మాట్లాడటం మొదలుపెట్టగానే మైకు కుయ్‌మని అరిచింది. సౌండు తగ్గిస్తే వెనక ఉన్నవాళ్లకు వినపడలేదు. పెంచితే మళ్లీ అరిచింది. చివరి వరుసలో కూర్చున్నది మేమే. ఆ రోజు ఆయన ఏం చెప్పారో మాకు ఇప్పటికీ తెలియదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకున్న ముగ్గురం మేము. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. ఇప్పుడు పీజీ చదువుతూనే సెలవుల్లో మైక్ సెట్లు, ప్రొజెక్టర్లు, డిజిటల్ బోర్డులు బిగించే పని చేస్తున్నాం.

ఈ పనికి మన ప్రాంతంలో కొరత లేదు. 'మన ఊరు - మన బడి' కార్యక్రమం 2022 మార్చి 8న వనపర్తిలోనే ప్రారంభమైంది. అందులోని 12 అంశాల్లో డిజిటల్ సౌకర్యాలు కూడా ఒకటి. ఫంక్షన్ హాళ్లు, గుళ్లు, చర్చిలు, కోచింగ్ సెంటర్లు సరేసరి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి, రంగాపూర్, సోమశిల ఘాట్లకు జనం ఎట్లా వచ్చారో మనం చూసినదే. పుష్కరాలు మళ్లీ 2028లో వస్తాయి. అంత జనంలో తప్పిపోయిన పిల్లవాడి పేరు మైకులో స్పష్టంగా వినపడాలి కదా!

పని ఉంది. కానీ మనవాళ్లు ఎక్కువగా నిచ్చెన ఎక్కి తీగ లాగే కూలీలుగానే ఉంటున్నారు. కొటేషన్ రాసేది ఇంకొకరు. మనమే కొటేషన్ రాయాలంటే ఏం తెలియాలి? డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది కొంత, చదివి తెలుసుకున్నది కొంత ఇక్కడ రాస్తున్నాం.

1. ముందు టేపు, తర్వాత ధర

ఎవరైనా ఫోన్ చేసి "బోర్డు బిగించడానికి ఎంత?" అని అడిగితే వెంటనే ధర చెప్పవద్దు. వెళ్లి టేపుతో గది కొలవాలి. తరగతి గదిలో తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాకా అక్షరాలు హాయిగా చదవవచ్చనేది ఈ పనిలో వాడే ఒక మోటు లెక్క. 75 అంగుళాల డిజిటల్ బోర్డు ఎత్తు సుమారు 3 అడుగులు. అంటే 18 అడుగుల దాకా సరిపోతుంది. మామూలు తరగతి గదికి చాలు. 40 అడుగుల హాలుకు చాలదు. అక్కడ దాదాపు 6 అడుగుల 8 అంగుళాల ఎత్తున్న తెర కావాలి, లేదంటే మధ్యలో ఇంకో తెర పెట్టాలి. కిటికీల వెలుతురు ఏ వేళకు ఎటు పడుతుందో కూడా చూడాలి. ఎండ నేరుగా పడే గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది.

2. మైకు ఎందుకు అరుస్తుంది?

బాక్సులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి పోతుంది. ఆంప్లిఫయర్ దాన్ని మళ్లీ పెంచుతుంది. అది తిరిగి బాక్సులోకి, మళ్లీ మైకులోకి వెళ్తుంది. ఈ చక్రం తిరిగితే వచ్చేదే ఆ కూత. బాక్సులు మైకు కన్నా ముందుండి, జనం వైపు తిరిగి ఉండాలి. మాట్లాడేవారు మైకును దగ్గరగా పట్టుకోవాలి. నోటికీ మైకుకూ దూరం సగమైతే మాట 6 డెసిబెల్స్ బలంగా అందుతుంది. ఆంప్లిఫయర్‌తో అంతే పెంచాలంటే వాట్లు నాలుగింతలు కావాలి. చేతిని నాలుగు వేళ్లు దగ్గరికి జరపడానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు.

రేకుల షెడ్డులో, నున్నటి గోడల హాలులో మాట మార్మోగుతుంది. అక్కడ పెద్ద బాక్సులు రెండు పెట్టి గట్టిగా మోగించడం కన్నా, చిన్న స్పీకర్లు ఆరో ఎనిమిదో దూరదూరంగా పెట్టి మెల్లగా మోగిస్తే మాట తేటగా వినపడుతుంది.

3. వాట్ల లెక్క

గుళ్లలో, బడుల్లో దూరదూరంగా హారన్లు బిగించేటప్పుడు 100 వోల్టుల లైను పద్ధతి వాడతారు. లెక్క సులభం. 15 వాట్ల హారన్లు 8 ఉంటే మొత్తం 120 వాట్లు. ఆంప్లిఫయర్ శక్తిలో 80 శాతం మించి వాడకూడదు కనుక 160 వాట్లది తీసుకోవాలి. 120 వాట్లదానితో సరిపెడితే మొదటి రోజు పనిచేస్తుంది, జాతర రోజు కాలిపోతుంది.

4. తీగలు, కరెంటు

మైకు తీగనూ కరెంటు తీగనూ ఒకే పైపులో వేస్తే జుయ్‌మనే శబ్దం వస్తుంది. రెంటి మధ్య కనీసం ఒక అడుగు ఎడం ఉండాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. మామూలు హెచ్‌డీఎంఐ తీగ 10, 15 మీటర్లు దాటితే బొమ్మ తెగిపోతుంది. అంతకు మించితే క్యాట్-6 తీగ మీద నడిచే ఎక్స్‌టెండర్ వేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. ఎర్త్ సరిగ్గా లేనిచోట మైకు పట్టుకున్న పిల్లవాడికి షాక్ కొట్టవచ్చు. ఎర్త్ పరీక్షించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టకుండా స్విచ్ వేయవద్దు. ఇందులో బేరం లేదు.

5. మేము దెబ్బతిన్న లెక్క

మా మొదటి పనిలో సామాను 60,000 రూపాయలు అయింది. 66,000కు ఒప్పుకుని, 6,000 మిగులుతాయని సంబరపడ్డాం. తీగలు, పైపులు, క్లాంపులకు 3,200, ఆటోకు 900, నిచ్చెన, డ్రిల్లు కిరాయి 600 పోయాయి. మిగిలింది 1,300. ముగ్గురం రెండు రోజులు చేశాం. రోజుకు మనిషికి 217 రూపాయలైనా పడలేదు. తర్వాత రెండుసార్లు రిపేరుకు పిలిస్తే బస్సు చార్జీలు జేబులోంచే పెట్టుకున్నాం. పైగా చివరి 10,000 నాలుగు నెలలు ఉద్దెర. మా దగ్గర కాగితం లేదు, గట్టిగా అడగలేకపోయాం.

ఇంకో పొరపాటు కూడా చేశాం. 100కు కొని 20 కలిపి 120కి అమ్మితే 20 శాతం లాభం అనుకున్నాం. అమ్మకం మీద లెక్కిస్తే అది 16.67 శాతమే. గిరాకీ "20 శాతం తగ్గించండి" అంటే, 120 కాస్తా 96 అవుతుంది. అంటే 4 రూపాయలు మనమే ఎదురిచ్చినట్టు.

6. కాగితం బలం

ఇప్పుడు మా కొటేషన్‌లో సామాను వేరు, తీగలు వేరు, కూలి వేరు, రవాణా వేరు రాస్తున్నాం. జీఎస్టీ కలిపామో లేదో కూడా రాస్తున్నాం. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఆర్డరుకు సగం, సామాను దిగాక 40 శాతం, అప్పగించాక 10 శాతం తీసుకుంటాం.

ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ అందించిన సేవకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అడగవచ్చు. కాబట్టి పని పట్టకముందే నమోదు చేసుకోండి.

మనవాళ్లు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. 2012 నాటి కేంద్ర కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఏటా చేసే కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు. వారికి టెండరు ఫారం ఉచితం, ధరావతు మినహాయింపు. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాం.

చట్టం మన మీద కూడా ఉంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగించకూడదు. నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లోపల మరీ జాగ్రత్తగా ఉండాలి. అనుమతి కాగితం చూశాకే సెట్టు దించాలి.

7. అప్పగించాక

బిగించి వచ్చేస్తే పని అయిపోదు. ప్రతి తీగకూ పేరు చీటీ అంటించాలి. ఏ తీగ ఎటు పోయిందో బొమ్మ గీసి ఇవ్వాలి. టీచరమ్మ చేత స్వయంగా రెండుసార్లు ఆన్ చేయించాలి. వాడటం రాక బట్ట కప్పి ఉంచిన బోర్డుకూ, అసలు లేని బోర్డుకూ పిల్లలకు తేడా ఏముంది? చివరగా మేము చేసే పరీక్ష ఒకటే. ఒకరం మైకులో మామూలు గొంతుతో పాఠం చదువుతాం, మరొకరం చివరి వరుసలో కూర్చుని రాసుకుంటాం. తప్పు లేకుండా రాయగలిగితేనే సంతకం అడుగుతాం.

తమ్ముళ్లూ! ఐటీఐ, డిప్లొమా చదివేవారు ఎర్తింగ్ నేర్చుకోండి. కామర్స్ వారు కొటేషన్ రాయడం నేర్చుకోండి. ఇద్దరూ కలిస్తే ఒక సంస్థ అవుతుంది. వచ్చే వార్షికోత్సవానికి మైకు మేమే పెడతామని వార్డెన్ సారుకు చెప్పాం. డబ్బులు తీసుకోం. మీలో ఇద్దరు మాతో వచ్చి టేపు పట్టుకుంటే చాలు.