టీవీ పెట్టెలను టోకున కొనుట: సంఘములకు కొన్ని సూచనలు



విత్తనములను, ఎరువులను, పనిముట్లను సంఘము మూలమున టోకున తెప్పించి పంచుకొనుట మనకు వాడుకయే. ఇప్పుడు ఫైబరు తీగలు పల్లెలకు వచ్చుచున్నవి. ప్రతి గ్రామపంచాయతికిని ఇట్టి తీగ వేయవలెనను పథకమునకు కేంద్రప్రభుత్వము 2011వ సంవత్సరము అక్టోబరులో అనుమతి నిచ్చెను. ఆంధ్రప్రదేశమున ఫైబరు పథకమును 2017వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. తీగ వచ్చిన ఇంట పాత టీవీకి చిన్న పెట్టె నొకదానిని తగిలించి, అంతర్జాలము ద్వారా వార్తలను, చిత్రములను, వ్యవసాయ కార్యక్రమములను చూడవలెనను కోరిక పుట్టుట సహజము. ఈ పెట్టెలను గూడ సంఘమే ఒక్కసారిగా కొనిన చౌకగదా యని సభ్యు లడుగుటయు సహజమే.

ఆలోచన మంచిదే. కాని టోకు బేరములో లాభము పెరిగినట్లే పొరపాటును పెరుగును. ఒక సభ్యుడు చెడ్డ పెట్టెను కొనిన నష్టపడున దొక ఇల్లు. సంఘము కొనిన నష్టపడునది ఊరంతయు. నష్టమైనది వాటాదారుల సొమ్ము. పోవునది సంఘము మీది నమ్మకము. కావున కొనుటకు ముందు పెట్టెపై అచ్చువేసిన మాటలను గాక, పెట్టెలోని సరుకును చూడ నేర్చుకొనవలెను.

ముందుగా అవసరమును లెక్కించుట

కార్యదర్శి మొదట చేయవలసిన పని వ్యాపారస్థుని పిలుచుట కాదు. సభ్యుల ఇండ్లలోని టీవీల జాబితా వ్రాయుట. కొందరి టీవీలలో అంతర్జాల సౌకర్యము ముందే యుండును. కొందరికి ఫైబరు సంస్థవారే పెట్టె నిచ్చియుందురు. అట్టివారికి మరియొక పెట్టె యక్కరలేదు.

మిగిలినవారిలో పాత పిక్చరు ట్యూబు టీవీలు గలవా రెందరో, హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రము గల పలుచని టీవీలు గలవా రెందరో విడదీయవలెను. పిక్చరు ట్యూబు టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు రంగుల తీగలతో తగిలించుటకు వీలైన ఏ.వీ. రంధ్రము పెట్టెకు తప్పక యుండవలెను. క్రొత్త పెట్టెలలో అనేకములకు ఇది యుండదు. ఇట్టి యిండ్లకు హెచ్.డి.ఎమ్.ఐ. మాత్రమే గల పెట్టెలను పంచినచో నవి మరునాడే సంఘము గడపకు తిరిగివచ్చును.

మన యిండ్లలోని 32 అంగుళముల టీవీలు చాలవరకు 4కె టీవీలు కావు. అట్టి తెరకు 4కె పెట్టెను తగిలించినను చిత్రము తెరకున్న శక్తిని మించి కనబడదు. కావున 4కె యను మాటకై ప్రతి సభ్యుని చేతను అదనపు ధర నిప్పించుట తగదు. ఇక కొన్నిటిపై "6కె" అని పెద్ద అక్షరములతో నుండును. ఆ మాట గల పెట్టెల హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రము 4కె చిత్రమును మాత్రమే బయటికి పంపగలదు. ఆ అక్షరములకు మన మియ్యవలసిన ధర ఏమియు లేదు.

పెట్టెకు ప్రాణము చిప్పు

అంతర్జాలములో చిత్రములు నొక్కి మూటగట్టిన రూపమున వచ్చును. ఆ మూటను విప్పి తెరపై పరచుట చిప్పు పని. మూటగట్టు పద్ధతులు అనేకములు గలవు. 2003వ సంవత్సరము నుండి వాడుకలోనున్న హెచ్.264 పద్ధతిని ప్రతి పెట్టెయు విప్పగలదు. 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి., వీపీ9 అను పద్ధతులలో అదే స్పష్టతకు ఇంచుమించు సగము దత్తాంశము చాలును. 2018లో ప్రకటింపబడిన ఏవీ1 పద్ధతికి ఇంకను తక్కువ చాలును.

దీనివలన రైతునకు కలుగు లాభము స్పష్టమే. సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రెండు గంటల చిత్రమును చూచినచో 13.5 గిగాబైట్లు ఖర్చగును. 5 మెగాబిట్లతోనే పని జరిగినచో ఖర్చు 4.5 గిగాబైట్లు మాత్రమే. నెలకు ఇంతయని మితము గల చందా కట్టువారికిని, సాయంకాలము ఊరంతయు ఒకే తీగపై చూచునప్పుడును ఈ తేడా చాల పెద్దది.

కావున బేరమునకు ముందు చిప్పు పేరు వ్రాతమూలకముగా అడుగవలెను. ఉదాహరణమునకు అమ్లాజిక్ వారి ఎస్905ఎక్స్4 అను చిప్పు ఏవీ1ను స్వయముగా విప్పగలదు. అదే సంస్థవారి పాత ఎస్905డబ్ల్యు, ఎస్905ఎక్స్3 అనునవి విప్పలేవు. రాక్‌చిప్ వారి ఆర్‌కె3229 యనునది 32 బిట్ల పాత చిప్పు. నేడు క్రొత్తగా కొనదగినది కాదు. "నాలుగు గుండెల శక్తిమంతమైన చిప్పు" అని మాత్రమే చెప్పి పేరు చెప్పని వ్యాపారస్థుడు, రకము పేరు చెప్పక "మేలైన విత్తనము" అని యమ్మువానివంటివాడే.

అచ్చులోని జ్ఞాపకము, లోపలి జ్ఞాపకము

పెట్టె పనిచేయుచున్నంతసేపు వాడుకొను జ్ఞాపకమును ర్యామ్ అందురు. కార్యక్రమములను నిలువచేయు స్థలము వేరు. నేటి అవసరములకు 2 గిగాబైట్ల ర్యామును, 16 గిగాబైట్ల నిలువయు సామాన్య గృహమునకు చాలును. 1 గిగాబైటుతో కొన్ని నెలలలోనే పెట్టె మందగించును.

ఇచ్చటనే మోస మెక్కువ. 2 గిగాబైట్లు మాత్రమే యుంచి 4 అని అచ్చువేయుటయు, తెరపై గూడ 4 అనియే చూపునట్లు లోపలి కార్యక్రమమును దిద్దుటయు ఈ వ్యాపారములో తెలిసిన సంగతులే. పాత ఆండ్రాయిడ్‌ను పెట్టి క్రొత్త సంఖ్యను చూపుటయు నిట్టిదే. కావున తెరపై కనబడు సంఖ్యను సాక్ష్యముగా గ్రహింపరాదు. నమూనా పెట్టె నొకదానిని మరలు విప్పి, పలకపైని చిప్పుల మీద చెక్కిన అక్షరములను తెలిసిన మెకానిక్కు చేత చదివింపవలెను. నిలువ స్థలమును పెద్ద ఫైళ్లతో నింపి, వానిని మరల వెనుకకు తీసి, చెడక యున్నవేమో చూడవలెను. ఒక పెట్టె పాడైనను సరియే. ప్రత్తికాయను కోయక పురుగును కనుగొనలేము గదా.

గుర్తింపు గలదా, లేదా?

ఆండ్రాయిడ్ అను పేరుతో రెండు విధములైన పెట్టెలు వచ్చుచున్నవి. ఒకటి గూగుల్ సంస్థ పరీక్షించి గుర్తించిన ఆండ్రాయిడ్ టీవీ పెట్టె. రెండవది, ఎవరైనను ఉచితముగా తీసికొనదగిన ఆండ్రాయిడ్ మూలమును తెచ్చి, తమకు తోచినట్లు దిద్ది నింపినది. రెండును చూపునకు ఒక్కటివలెనే యుండును. గుర్తింపు పొందిన తయారీదారుల పట్టికను గూగుల్ సంస్థయే ప్రకటించుచున్నది. వ్యాపారస్థుడు చెప్పిన పేరు అందులో గలదేమో కార్యదర్శి స్వయముగా చూడవలెను.

దీనితోపాటు వైడ్‌వైన్ అను తాళపు పద్ధతిని గూర్చి యడుగవలెను. చందా తీసికొని చిత్రములు చూపు సంస్థలు తమ చిత్రములకు ఈ తాళము వేయును. పెట్టెలో ఒకటవ మట్టపు తాళపుచెవి యున్నచో స్పష్టమైన చిత్రము వచ్చును. మూడవ మట్టమే యున్నచో చందా పూర్తిగా కట్టినను సాధారణముగా 480 గీతల మసక చిత్రమే వచ్చును. 4కె పెట్టెయని కొని మసక బొమ్మను చూచు దుఃస్థితి చాలమందికి కలుగుట దీనివలననే. నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థల అనుమతి వేరుగా నుండవలెను. ఈ మట్టమును చూపు ఉచిత కార్యక్రమములు దొరకును. నమూనా పెట్టెలో వేసి చూచుట అయిదు నిమిషముల పని.

ఇంటిలోనికి వచ్చు దొంగ

ఇంతవరకు చెప్పినది డబ్బు నష్టము. ఇంతకంటె పెద్ద యపాయము మరియొకటి గలదు.

2023వ సంవత్సరము జనవరిలో కెనడాలోని ఒక భద్రతా నిపుణుడు తాను కొన్న టీ95 అను చౌక పెట్టెలో, కొనక పూర్వమే చొప్పించిన దుష్ట కార్యక్రమమును కనుగొనెను. ఆ సంవత్సరమే అక్టోబరులో హ్యూమన్ సెక్యూరిటీ అను సంస్థ బ్యాడ్‌బాక్స్ అను పేరుతో నిట్టి వ్యవహారమును బయటపెట్టెను. 2024 డిసెంబరులో జర్మనీ దేశపు సమాచార భద్రతా కార్యాలయము ఆ దేశమున సుమారు 30,000 పరికరముల నుండి దొంగలకు పోవు వార్తలను అడ్డగించెను. 2025 జూన్ 5వ తేదీన అమెరికా కేంద్ర నేరపరిశోధక సంస్థ ప్రజలకు హెచ్చరిక ప్రకటించెను. ఆ జూలైలో గూగుల్ సంస్థ, కోటికి మించిన గుర్తింపులేని పరికరములు ఈ వలలో చిక్కినవని చెప్పి న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను.

ఇట్టి పెట్టె చేయు పని యేమి? ఇంటి యజమానికి తెలియకుండ అతని అంతర్జాల చిరునామాను నేరస్థులకు అద్దె కిచ్చును. ఎక్కడనో జరిగిన మోసమునకు దారి మన ఇంటి నుండి పోయినట్లు కనబడును. ఆ ఇంటి వైఫైపైననే మన సెల్‌ఫోను బ్యాంకు లావాదేవీలు గూడ నడచుచుండును. సంఘము పంచిన పెట్టెలవలన సభ్యుని ఇంటికి పోలీసువారు విచారణకు వచ్చినచో, అధ్యక్షుడు ఏమని సమాధాన మియ్యగలడు?

గుర్తించు లక్షణములు ఆ హెచ్చరికలోనే గలవు. ఊరుపేరు లేని తయారీ యగుట ఒకటి. చందాలేకుండ సమస్త చిత్రములు ఉచితమని చెప్పుట రెండవది. గూగుల్ వారి ప్లే ప్రొటెక్ట్ అను కావలిని తీసివేయుమని యడుగుట మూడవది. అపరిచితమైన అంగళ్ల నుండి కార్యక్రమములను దింపుకొను మనుట నాలుగవది. వీనిలో ఏ యొక్కటి కనబడినను బేరము మానుకొనవలెను. ఉచిత చిత్రముల ఆశ చూపు పెట్టె 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునకు గూడ విరుద్ధమైన మార్గమున సభ్యుని నడిపించును.

మన దేశపు ముద్రలు

సెట్‌టాప్ పెట్టెలు భారతీయ ప్రమాణముల సంస్థ వద్ద తప్పనిసరిగా నమోదు కావలసిన వస్తువులలోనివి. నమోదైన సరుకుపై ముద్రతోపాటు "ఆర్" అను అక్షరముతో మొదలగు సంఖ్య యుండును. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను కార్యక్రమములో వేసి చూచినచో తయారీదారుని పేరు తెలియును. విద్యుత్తు నిచ్చు అడాప్టరునకు గూడ ఇట్టి నమోదు వేరుగా నుండవలెను. చాలమంది పెట్టెను చూచి అడాప్టరును మరతురు. వోల్టేజి ఎగుడుదిగుడుగా నుండు పల్లెలలో ముందు కాలునది అడాప్టరే. వైఫై గల పరికరమునకు దూరసమాచార శాఖవారి వైర్‌లెస్ విభాగపు అనుమతి పత్రము గూడ నుండవలెను.

చైనాలోని షెన్‌జెన్ నగరము నుండి నేరుగా తెప్పింతుమని చెప్పువారుందురు. ఈ వ్యాపారమునకు ఆ నగరము కేంద్రమే. కాని విదేశపు తయారీదారునకు ఈ నమోదు విషయమున మన దేశమున బాధ్యుడైన ప్రతినిధి యుండవలెను. అట్టి ప్రతినిధి లేని సరుకును గ్రామసంఘము తెప్పించుట, రేవులో చిక్కుబడు సరుకునకు ముందే సొమ్ము కట్టుట వంటిది.

నమూనా తీయుట

ధాన్యపు లాటును కొనునప్పుడు పై బస్తాను మాత్రమే విప్పి చూచి ఊరకుండము. పెట్టెలను గూర్చియు నిదే న్యాయము. మొదట అయిదు పెట్టెలను వెలయిచ్చి కొని, మూడు దినములు ఎడతెగక నడిపి చూడవలెను. వేసవిలో రేకుల ఇంటిలో గూడ నడిపి, వేడికి ఆగిపోవుచున్నదేమో కనిపెట్టవలెను.

తరువాత లాటు వచ్చినప్పుడు ఐ.ఎస్. 2500 అను భారతీయ ప్రమాణము ప్రకారము తనిఖీ చేయవచ్చును. 500 పెట్టెల లాటునకు సాధారణ తనిఖీలో, ఎటునుండి పడిన అటునుండి, 50 పెట్టెలను తీయవలెను. నూటికి 2.5 అను మితమును ఒప్పుకొనినచో 50లో లోపము గలవి 3 వరకు ఉన్నను లాటును అంగీకరింపవచ్చును. 4 ఐనచో తిరస్కరింపవలెను. అయితే ఈ సడలింపు రిమోటు పనిచేయమి, గీతలు పడుట వంటి లోపములకే. చిప్పు మారినను, ముద్ర లేకున్నను, దుష్ట కార్యక్రమము కనబడినను, ఒక్క పెట్టె చాలును లాటంతయు త్రిప్పిపంపుటకు.

ఒప్పందము

చిప్పు పేరు, ర్యామ్, నిలువ, ముద్రల సంఖ్యలు ఒప్పందములో వ్రాయింపవలెను. నమూనాగా అంగీకరించిన పెట్టె నొకదానిని ఇరుపక్షముల సంతకములతో సీలువేసి సంఘము బీరువాలో నుంచవలెను. సొమ్మంతయు ముందే యియ్యక, కొంత భాగమును తనిఖీ యైన పిమ్మట చెల్లించునట్లు ఏర్పాటు చేసికొనవలెను. ఒక సంవత్సరము మరమ్మత్తు బాధ్యతయు, నూటికి రెండు మూడు పెట్టెలును, కొన్ని రిమోటులును, అడాప్టరులును అదనముగా ఇచ్చుటయు కోరదగినవి. భద్రతకై పంపు సవరణలను ఎన్ని సంవత్సరములు పంపుదురో అడిగి వ్రాయింపవలెను. సవరణలు రాని పెట్టె కొన్నాళ్లకు తలుపు లేని ఇల్లగును.

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని మనకు తెలియని సంగతి కాదు. మన పొలములో వేయు విత్తును చేతిలో పోసికొని చూతుము, మొలకెత్తించి చూతుము, అమ్మినవాని రసీదును దాచుదుము. మన పిల్లలు కూర్చుండి చూచు పెట్టెకు ఆ మాత్రపు జాగ్రత్త చేయకుండుట న్యాయమా? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము వచ్చినచో, "ధర ఎంత?" అను ప్రశ్నకు ముందు "లోపల ఏమున్నది? దానికి బాధ్యు డెవరు?" అని ప్రతి సభ్యుడును అడుగుగాక. ఈ రెండిటికిని కాగితముపై సమాధాన మియ్యలేని వ్యాపారస్థుని, అతని ధర ఎంత తక్కువ యైనను, నమస్కరించి పంపివేయుటయే సంఘమునకు క్షేమము.