హైస్కూలు పాఠ్యముల యెంపిక: తల్లులు తెలిసికొనవలసినది

మన తెలుగునాట బిడ్డ పదవతరగతి దాటినతోడనే యింట నొక చర్చ పుట్టును: గణితమా, జీవశాస్త్రమా, వాణిజ్యమా? ఆ యొక్క నిర్ణయముతో ఇంటర్మీడియటు రెండేండ్ల పాఠ్యములును ఏర్పడిపోవును. పిమ్మట తల్లిదండ్రులు చేయవలసినది చదివించుటయే. ఈ పద్ధతిలో పెరిగిన మన సోదరీమణు లనేకులు నేడు అమెరికాదేశమున కాపురము చేయుచు, బిడ్డలను అచ్చటి హైస్కూళ్లకు పంపుచున్నారు. అక్కడి పద్ధతి వేఱు. తొమ్మిదవతరగతి మొదలు పండ్రెండవతరగతి వఱకు, ఏటేట మఱుసటి సంవత్సరపు పాఠ్యములను బిడ్డయే యేఱుకొనవలయును. ఆ కాగితముపై తలిదండ్రుల సంతకము కోరుటయు గలదు. చదువక చేసిన సంతకమువలని చిక్కు వెంటనే కనబడదు. రెండు మూడేండ్లకు బయటపడును. కావున ఈ విషయమును గూర్చి కొంత వివరింప దలచితిమి.

అచ్చట చదువును క్రెడిట్లతో లెక్కింతురు. నిర్ణీతవిషయములలో నిర్ణీతసంఖ్య నిండినగాని హైస్కూలు పట్టము రాదు. ఈ లెక్క రాష్ట్రమునుబట్టి మాఱును. టెక్సాసులో ఏడాది పాఠ్యమునకు ఒక క్రెడిటు. పట్టమునకు కనీసము 22, ఒక విశేషశాఖతో ముగింపగోరినచో 26 కావలయును. కాలిఫోర్నియాలో అనేకపాఠశాలలు ఏడాది పాఠ్యమునకు 10 క్రెడిట్లు లెక్కించును. కనుక ఉద్యోగరీత్యా రాష్ట్రము మాఱు కుటుంబములవారు క్రెడిట్ల మొత్తమును చూచి తృప్తిపడరాదు. ఏ విషయమున ఎన్నియేండ్ల చదువు పూర్తియైనదో చూడవలయును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. పట్టమునకు వలసినది వేఱు. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు వలసినది వేఱు. కాలిఫోర్నియానే చూతము. ఆ రాష్ట్రశాసనము పట్టమునకు కోరు కనీసమిది: ఇంగ్లీషు 3 ఏండ్లు, గణితము 2, విజ్ఞానశాస్త్రము 2, చరిత్ర, ప్రభుత్వవిధానము, అర్థశాస్త్రము కలిసి 3, వ్యాయామము 2, లలితకళ, అన్యభాష, వృత్తివిద్య అను మూటిలో ఏదేని యొకటి ఒక యేడు. పాఠశాలాజిల్లాలవారు ఇంతకుమించి కోరుటయు గలదు. కాని ఆ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ప్రవేశింపవలెనన్న ఏడాది పాఠ్యములు 15 కావలయును: ఇంగ్లీషు 4, గణితము 3, విజ్ఞానశాస్త్రము 2, చరిత్రాదులు 2, ఇంగ్లీషుగాని ఒకే భాష 2, లలితకళ 1, ఐచ్ఛికము 1.

ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండేండ్ల గణితముతో, అన్యభాష ముట్టకయే, బిడ్డ పట్టము పొందవచ్చును. ఉత్సవమునాడు బంధువులందఱును సంతోషింతురు. కాని విశ్వవిద్యాలయద్వారము మాత్రము మూసియే యుండును.

ఉత్తీర్ణతలోను ఇట్టి భేదమే యున్నది. డి శ్రేణితో పాఠ్యము గట్టెక్కినచో సాధారణముగ హైస్కూలు క్రెడిటు దక్కును. పైని చెప్పిన 15 పాఠ్యములలో మాత్రము సి శ్రేణికి తగ్గరాదు. కావున బిడ్డ "ప్యాసైతిని" అన్నప్పుడు, ఏ శ్రేణిలో అని మెల్లగా అడుగుట మంచిది. ఆలస్యము కాకున్న, తిరిగి చదివి సరిదిద్దుకొనవచ్చును.

కొన్ని విషయములు మెట్లవంటివి. మొదటి ఆల్జీబ్రా, రేఖాగణితము, రెండవ ఆల్జీబ్రా వరుసగా నెక్కవలసినవి. టెక్సాసులో రెండవ ఆల్జీబ్రా లేకయే పట్టము వచ్చును. కాని తరగతిలో పైపదిశాతమున నిలిచినవారికి అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో దొరకు ప్రవేశపుహక్కు, ఆ పాఠ్యము లేనివారికి దక్కదు. భాషయు అట్టిదే. ఒక బాలిక స్పానిషును ఏటేట వాయిదా వేయుచు పండ్రెండవతరగతిలో మొదలిడెననుకొందము. రెండేండ్ల చదువు ఒక యేట ముగియుట యెట్లు? అదియుగాక, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ఆ 15లో 11 పాఠ్యములు చివరియేటికి ముందే ముగియవలెనని కోరును.

ఇందుకు మేము సూచించు నుపాయము తేలికైనది. బిడ్డ తొమ్మిదవతరగతిలో చేరకముందే ఒక కాగితముపై నాలుగు గడులు గీయుడు, ఏడాదికొకటి. విశ్వవిద్యాలయము కోరు పాఠ్యములను చివరియేటినుండి వెనుకకు నింపుకొని రండు. పిమ్మట పట్టమునకు మిగిలియున్నవి చేర్చుడు. అప్పుడు ఖాళీ లెన్నియో తెలియును. ఆ కాగితముతో పాఠశాలయందలి కౌన్సిలరును కలిసికొనుడు. "ఈ పాఠ్యము పట్టమునకే పనికివచ్చునా, ప్రవేశమునకుగూడనా?" అని ఒక్కొక్కదానిని గూర్చి అడుగుడు. ఇంట నేర్చిన తెలుగును భాషావిషయమున లెక్కించు మార్గము గలదేమో అదియు అడుగుడు. మన ఇంగ్లీషు ఎట్లున్నదో అని వెనుదీయ నక్కఱలేదు. అడుగుట తల్లి హక్కు.

మిగిలిన ఖాళీలు మాత్రము బిడ్డవి. వానిని పొరుగింటి పిల్లవాని పాఠ్యములతో నింపుట న్యాయముకాదు. అమ్మాయికి సంగీతమన్న ప్రాణమైనచో, ఆ యొక్క గంటయైన నామెకు మిగులనిండు. కఠినపాఠ్యముల నన్నింటిని ఒకేయేట నెత్తిపై మోపినచో నిద్రయు, ఆరోగ్యమును చెడును. తప్పనివానిని ముందుగా గుర్తెఱిగిననే ఇష్టమైనవానికి చోటు మిగులును. పట్టిక వేయుటయందలి ప్రయోజనమిదియే.

కావున సోదరీమణులారా, ఈసారి ఆ కాగితము ఇంటికి వచ్చినప్పుడు వంటపని నొక యరగంట ప్రక్కన నుంచి, బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని చదువుడు. ఆమె మాట వినుడు. సంతకము ఆ పిమ్మట చేయవచ్చును.