మెట్లు ఊడబెరికిన గిటార్

నిలబెడితే మనిషిని మించిపోయే వాయిద్యం డబుల్ బేస్. మోసుకెళ్లడం ఒక బాధ, బ్యాండు హోరులో వినపడకపోవడం ఇంకో బాధ. పైగా మెడ మీద మెట్లుండవు. స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1951లో వీటన్నిటికీ ఒకే మందు వేశాడు. భుజాన తగిలించుకునే ఎలక్ట్రిక్ బేస్ గిటార్ చేసి, వీణకున్నట్టే మెట్లు బిగించాడు. వేలు కాస్త అటూ ఇటూ పడ్డా శ్రుతి చెడదు. అందుకే దాని పేరు 'ప్రెసిషన్ బేస్'.

పదేళ్లకే ఆ మెట్లు పీకేయడం మొదలైంది. తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో చేరిన బిల్ వైమన్, 1961లో ఒక చవక బేస్ గిటార్‌కు కొత్త మెట్లు వేద్దామని పాతవి ఊడదీశాడు. మెట్లు లేకుండానే బాగుందనిపించి అలాగే వదిలేశాడు. 1966లో ఆంపెగ్ కంపెనీ మెట్లు లేని బేస్‌ను అమ్మకానికే పెట్టింది.

దానికి పేరు తెచ్చింది మాత్రం జాకో పాస్టోరియస్. అతనికి డబుల్ బేస్ కూడా ఉండేది. ఫ్లోరిడా ఉక్కపోతకు దాని చెక్క పగిలింది. అప్పుడు ఫెండర్ జాజ్ బేస్ ముందేసుకున్నాడు. వెన్న రాసే చాకుతో మెట్లు లేపానని చెప్పుకునేవాడు. గాడులను పూడ్చి, తీగల ఒరిపిడికి చెక్క అరగకుండా పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. 1976లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్‌లో ఆ మోత వినొచ్చు. మనిషి గొంతులా సాగే మోత అది.

ఆ సాగుడు ఎక్కణ్నుంచి వస్తుంది? మెట్టు ఉంటే తీగ లోహపు అంచు మీద ఠక్కున తెగినట్టు ఆగుతుంది. లేకపోతే మెత్తటి వేలికొస దగ్గర ఆగి, ఊగేటప్పుడు చెక్కను సన్నగా రాసుకుంటూ పోతుంది. తంబురా వెడల్పు గుర్రం మీద తీగ చేసే పని కూడా ఇదే. అక్కడ జీవాళి దారం జరిపి ఆ రాపిడిని సరిచేస్తాం. ఇక్కడ వేలి ఒత్తిడే జీవాళి.

మెట్ల గిటార్ నుంచి వచ్చినవాడు మొదట ఎందుకో కొంచెం తక్కువ శ్రుతిలో పలికిస్తుంటాడు. తప్పు చెవిది కాదు, అలవాటుది. మెట్ల మీద వేలు మెట్టుకు కాస్త వెనక నొక్కుతాం. ఇక్కడ మెట్టు ఉండాల్సిన చోట గీసిన గీత మీదే సరిగ్గా పడాలి. 34 అంగుళాల తీగకు మొదటి అర స్వరం దాదాపు 48 మిల్లీమీటర్లు. అక్కడ 5 మిల్లీమీటర్లు వెనకబడితే అర స్వరంలో పదోవంతు పోయినట్టే. అదే తప్పు తీగ నడిమధ్యలో చేస్తే నష్టం దాదాపు రెట్టింపు.

డబుల్ బేస్‌కు మారితే లెక్కే వేరు. తీగ మీటరు దాటుతుంది, మొదటి అర స్వరమే ఆరు సెంటీమీటర్ల దాకా. నాలుగు వేళ్లకు నాలుగు మెట్లనే పద్ధతి అక్కడ సాగదు. డబుల్ బేస్ నేర్పే సిమాండ్ల్ పాఠాల్లో ఉంగరపు వేలు చిటికెన వేలికి దన్నుగా ఉంటుంది, అంతే. గీతలూ ఉండవు. చేయి కిందికి జారుతూ పోతే మెడ పెట్టెను కలిసేచోట ఉండే మడమలాంటి ఉబ్బుకు బొటనవేలు తగిలి ఆగుతుంది. అప్పుడు సన్నతీగ మీద చూపుడువేలి కింద చాలా బేస్‌లలో 'డి' పలుకుతుంది. కొన్నిటిలో 'ఇ ఫ్లాట్'. ఏ బేస్ చేతికిచ్చినా వాయించేవాడు ముందు తడిమి చూసుకునేది అక్కడే.