వెలకు తగిన వస్తువులు

రైతు చేతికి రొక్కము వచ్చునది సంవత్సరమునకు ఒకటి రెండు పర్యాయములు. వ్యయమగునది మాత్రము ప్రతిదినమును. ధాన్యమమ్మిన సొమ్ము ఇల్లు చేరకమున్నే ఎరువుల బాకీ, కూలి బాకీ, సంఘపు వాయిదా, పిల్లల చదువు అను నలుగురు చుట్టములు వీధియరుగుమీద కూర్చుండి యుందురు. అట్టి సమయమున “ఇంకొక వస్తువు కొనుడు” అని చెప్పువానిని రైతు అనుమానముతో చూచుట సహజమే. “అగ్గువ కొననీయదు, ప్రియము అమ్మనీయదు” అని మన పెద్దలు చెప్పిరి. ధర తగ్గినపుడు ఇంకను తగ్గునేమోయని కొనము. హెచ్చినపుడు ఇంకను హెచ్చునేమోయని అమ్మము. ఈ రెంటి నడుమ కాలము గడచిపోవును.

నేను చెప్పబోవునవి ట్రాక్టరులు, మోటారులు మొదలగు పెద్ద యంత్రములు కావు. వాని మంచిచెడ్డలు అప్పుపత్రము వ్రాయునపుడే పదిమందియు విచారింతురు. చిన్న వస్తువుల సంగతి విచారించువారు లేరు. కొన్నవాడు కొన్న సంగతియే మరచును. కొననివాడు నష్టపడిన పిదప తలచుకొనును. నా యింట కొని వాడినవియు, కొనక చెడినవియు నగు కొన్నింటిని సోదర సభ్యుల మేలుకొరకు ఇచ్చట వివరించుచున్నాను.

విత్తనమునకు ఉప్పు

అన్నిటికంటె తక్కువ వెలగలది ఉప్పు. వరివిత్తనములను మంచినీటిలో పోసి తేలిన తాలును తీసివేయుట మనమందరము చేయుదుము. కాని మంచినీటిలో సగము నిండిన గింజకూడ మునుగును. ఉప్పునీటిలో నట్లు కాదు. నీరు బరువెక్కుటచే నిండుగింజ మాత్రమే అడుగునకు దిగును. అరగింజలును, కలుపు విత్తనములు పెక్కును పైకి తేలును. జపాను దేశపు రైతులు 19వ శతాబ్దాంతము నుండియు ఈ పద్ధతిని పాటించుచున్నారు.

ఉప్పెంత వేయవలెనను దానికి త్రాసు అక్కరలేదు. తాజా కోడిగ్రుడ్డు నొకదానిని నీటిలో విడిచి, అది పైకి తేలి దాని నెత్తి చిన్న నాణెమంత కనబడువరకు ఉప్పు కలుపుచు పోవలెను. తరువాత విత్తనము పోసి, కలియబెట్టి, తేలినదానిని తీసివేయవలెను. మునిగిన విత్తనమును వెంటనే రెండు మూడు మారులు మంచినీట కడుగుట మరువరాదు. ఉప్పు మిగిలినచో మొలక చెడును. కొన్ని రూపాయల ఉప్పుతో నారుమడి యంతయు ఒకే తీరున లేచుట చూచిన రైతు మరల ఈ పని మానడు.

బరకములు

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటిన సంగతి డెల్టా రైతులెవ్వరును మరువలేదు. నాకప్పుడు రెండెకరముల ధాన్యము కళ్లములో రాశిగా నుండెను. బరకములు స్వంతముగా లేవు. ఏటేట అద్దెకు తెచ్చుకొనుట నా యలవాటు. వాన వచ్చునని తెలిసిన దినమున ఊరిలోని వారందరును ఒకే అంగడికి పరుగెత్తిరి. అద్దె మూడింతలైనను ఇచ్చువాడనే. బరకము మాత్రము దొరకలేదు. ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వినట్లయినది నా పని.

ఎరువుల ఖాళీసంచులు విప్పి కప్పితిమి. నీరు పైనుండి కొంత, క్రిందనుండి కొంత ప్రవేశించెను. నాలుగవ దినమున రాశి విప్పి చూడగా అడుగు ధాన్యము తెల్లగా మొలకెత్తియుండెను. మిగిలినది రంగు మారెను. అమ్మిన ధర చెప్పుకొనుటకు నాకిప్పటికిని సిగ్గగుచున్నది. ఆ యేడు సంఘమునకు వాయిదా చెల్లింపలేక, కార్యదర్శిగారి కంటబడకుండ వేరొక వీధిన తిరిగితిని. మా ప్రక్క కళ్లమువాడు అంతకు రెండేండ్లక్రితము కొన్న బరకములతో తన రాశిని కాపాడుకొనెను. మా ఇరువురి పొలములును ఒకటే నేల, ఒకటే విత్తనము. భేదమంతయు బరకములలోనే యున్నది.

మరుసటి యేడు నేను మొట్టమొదట కొన్నవి రెండు బరకములు, ఒకటి క్రిందికి, ఒకటి పైకి. అయితే కొన్నంతమాత్రమున చాలదు. రాశిని మెరకమీద పోసి, చుట్టును చిన్న కాలువ తీయవలెను. అంచులు త్రాళ్లతో బిగించి ఇసుకసంచులు ఎత్తవలెను. పచ్చిధాన్యమును మూసి దినములకొలది ఉంచినచో అది లోలోపల వేడెక్కి చెడును. కావున వాన తెరపి యిచ్చినపుడెల్ల విప్పి ఆరబోయవలెను. పని తీరిన పిదప బరకమును కడిగి, ఆరబెట్టి, ఎండయు ఎలుకయు సోకని చోట మడచి పెట్టవలెను. ఎండలో వదలిన బరకము పెళుసై ఆయుర్దాయము చాలక చిరుగును.

తేమ కొలుచు సాధనము

కొనుగోలు కేంద్రమున ధాన్యములో తేమ నూటికి 17 పాళ్లు మించరాదని నియమము. మనము గింజను పంట కొరికి “ఎండినది” అందుము. అచ్చటి యంత్రము “ఎండలేదు” అనును. ధాన్యము మరల దింపుట, ఆరబోయుట, బండి అద్దె, కూలి యన్నియు రైతునెత్తిన పడును. కొందరు ఈ భయముచే అవసరమునకు మించి ఎండబెట్టుదురు. అదియు నష్టమే. లెక్క చూడుడు: 17 పాళ్లు తేమగల నూరు కిలోల ధాన్యములో ఎండుభాగము 83 కిలోలు. దానిని 14 పాళ్లకు దించినచో మిగులునది సుమారు 96½ కిలోలు. అనగా క్వింటాలునకు మూడున్నర కిలోల బరువు ఎండకు సమర్పించి, అదే ధరకు అమ్ముకొనుచున్నామన్నమాట. విత్తనమునకును, ఇంట నిలువ యుంచుకొను ధాన్యమునకును అంత ఎండు కావలసినదే. అమ్మకపు ధాన్యమున కక్కరలేదు.

ఈ సాధనము ఒక్కొక్క రైతు కొనదగినది కాదు. ఏడాదికి పదిదినములు మాత్రమే పనిబడును. సంఘమున ఒకటి యుంచి, బస్తా కట్టకమున్ను సభ్యులు పిడికెడు ధాన్యము తెచ్చి చూచుకొనుట ఉత్తమము. అయితే దానిని అప్పుడప్పుడు కేంద్రపు యంత్రముతో సరిచూచుచుండవలెను. తప్పు చెప్పు సాధనము లేనిదానికంటె కీడు.

గాలి చొరని సంచి

మినుములు, పెసలు, కందులు ఇంట దాచినవారికి పుచ్చుపురుగు బాధ చెప్పనక్కరలేదు. ఈ పురుగు తరచు పొలములోనే కాయమీద గ్రుడ్డుపెట్టి గింజతోపాటు ఇంటికి వచ్చును. గోనెసంచిలో నది తరమువెంట తరముగా పెరిగి, వేసవి నడుమకు గింజకొక రంధ్రము చేయును. అందుచేతనే పేదరైతు పంట వచ్చిన వారముననే, ధర మిక్కిలి తగ్గియున్నపుడే, తెగనమ్ముకొనుచున్నాడు.

దీనికి మందులేని ఉపాయమొకటి గలదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు ఆఫ్రికాఖండములోని కామెరూన్ దేశమున బొబ్బర్లను కాపాడుటకై 1980వ దశాబ్దపు చివర పనిచేసి, ఒకదానిలో ఒకటిగా రెండు దళసరి పాలిథీన్ సంచులను, వానిపై నేతసంచిని కూర్చిరి. మూతి బిగించి కట్టగానే లోని పురుగు ఉన్న ప్రాణవాయువును పీల్చి హరించుకొనును. వెలుపలి గాలి లోనికి రాదు. పురుగు మేత మాని, పెరుగుట మాని, తుదకు నశించును. అట్టి సంచులు ఇప్పుడు మన దేశమునను దొరకుచున్నవి. గింజ బాగుగా ఎండియుండవలెను. తడిగింజ పోసినచో బూజుపట్టును. సంచికి సూదిమొనంత రంధ్రము పడినను ప్రయోజనము పోవును గనుక ఎలుకలనుండి కాపాడవలెను. ఊరక తెరచి చూచుచుండరాదు. జాగ్రత్తగా వాడిన సంచి రెండు మూడు పంటలకు వచ్చును.

టార్చి, బూట్లు, దోమతెర

ఇవి లాభమునకు కాక ప్రాణమునకు సంబంధించినవి. 2020వ సంవత్సరమున ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని లెక్కకట్టిరి. అనగా ఏటికి సుమారు 58,000 మంది. మరణములు మిక్కుటముగా నున్న రాష్ట్రములలో మన తెలుగునాడును చేరియున్నది. చచ్చినవారిలో అధికులు పల్లెలవారే.

నా తమ్ముడు ఒకనాటి తెల్లవారుజామున నీరు కట్టబోయి గట్టుమీద రక్తపింజరను త్రొక్కెను. ఇంట టార్చి యుండెను. దానిలో బ్యాటరీ లేదు. “ఈ వారము సంతలో తెత్తములే” యని రెండు వారములు గడపితిమి. మంత్రగానియొద్దకు పోక నేరుగా ఆసుపత్రికి చేర్చుటచే, విషమునకు విరుగుడు సూదిమందుతో బ్రతికెను. కాని ఆ పాదము నేటికిని మునుపటివలె భూమిమీద ఆనదు. ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలిపనులు లెక్కించినచో ఊరిలోని ప్రతి యింటికి ఒక టార్చి వచ్చెడిది.

పింజర కాటు తరచు పాదమునకును పిక్కకును తగులును గనుక మోకాటివరకు వచ్చు రబ్బరుబూట్లు గొప్ప రక్షణ. కట్లపాము రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి నేలపై నిద్రించువారిని కరచును. ఆ కాటు నొప్పియైనను పుట్టకపోవచ్చును. మంచముపై పడుకొని, దోమతెర అంచులు పరుపు క్రిందికి దోపుకొన్నచో దోమయు రాదు, పామును రాదు. కరచినచో గాయమును కోయుట, పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట కూడదు. ఆ యవయవమును కదల్పక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

కొని వగచినది

మంచివానినే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఒక యేడు ఒక ప్రయాణపు వర్తకుడు “ఇది చల్లిన పిలకలు రెట్టింపగును” అని చెప్పి ఒక సీసా అంటగట్టెను. దానిపై నేమున్నదో వ్రాసిలేదు, రసీదు నీయలేదు. సగము మడి చల్లి, సగము మానితిని. కోతనాడు రెంటికిని భేదము కానరాలేదు. సగము మానుట ఒక్కటియే ఆ సంవత్సరము నేను చేసిన తెలివిగల పని.

అప్పటినుండి ఏ వస్తువునకైనను మూడు ప్రశ్నలు వేయుచున్నాను. ఇది లేనందున నాకు గడచిన మూడేండ్లలో ఏమి నష్టము కలిగినది? ఇది యెన్ని పంటలు నిలుచును? నేనొక్కడనే కొనవలెనా, పదిమందిమి కలసి కొనవచ్చునా? మూడింటికిని సమాధానము దొరకినపుడే సంచి విప్పుదును.

సంఘము చేయదగినది

1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మొదలగు 28 మంది సభ్యుల సంఘమొకటి చిన్న దుకాణము తెరచెను. వారు మొదట అమ్మినవి పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి, క్రొవ్వొత్తులు మాత్రమే. కల్తీలేని సరుకు, సరియైన తూకము, కొన్నంతకు తగిన లాభపు పంపకము అనునవి వారి నియమములు. లోకమంతటను వ్యాపించిన సహకారోద్యమము అట్టి దినవెచ్చపు వస్తువులతోనే వేళ్లూనెను. మన దేశమున 1904వ సంవత్సరపు చట్టముతో సహకార సంఘములు పరపతికై పుట్టినవి. కాని అప్పిచ్చుట మాత్రమే సంఘధర్మము కాదు, అప్పు చేయవలసిన అగత్యము తగ్గించుటయు ధర్మమే.

కావున కోతలకు రెండు మాసములు ముందుగా సభ్యులయొద్ద పట్టిక వ్రాయించి, బరకములు, సంచులు, బూట్లు ఒక్కమారుగా తెప్పించినచో వెలయు తగ్గును, సరుకును పరీక్షించి తీసికొనవచ్చును. తుపాను వార్త వచ్చిన దినమున అంగడికి పరుగెత్తువాడు అడిగిన వెల యిచ్చును. ఆ వెలకైనను వస్తువు దొరకునన్న నమ్మకము లేదు. నాకు దొరకలేదు. రాబోవు సభలో ఈ పట్టిక సంగతి చర్చకు తీసికొనవలెనని పంచాయతుదారులను కోరుచున్నాను. మొదటి పేరు నాదిగా వ్రాసికొనవచ్చును.

— ఒక సభ్యుడు