సోలెడు ఉప్పు ఎన్ని గ్రాములు?

నెల్లూరు సీమలో ధాన్యము బేరము నేటికిని పుట్టి లెక్కనే సాగుచున్నది. పుట్టి యనగా 850 కిలోలని రైతుకును తెలియును, వర్తకునకును తెలియును. కాని పుట్టి మొదట తూకము కాదు, కొలత. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. పాత్రలో పట్టినదానిని చెప్పు మాట కాలక్రమమున కాటా మీదికి ఎక్కినది. కళ్లములో పూర్తియైన ఈ మార్పు వంటయింట సగములో నిలిచినది. 1956లో తూనికలు, కొలతల శాసనము వచ్చిన పిమ్మట, 1962 ఏప్రిల్ నాటికి వీశలు, సేర్లు చట్టరీత్యా తొలగినవి. అమ్మమ్మల సోలలు, గిద్దలు మాత్రము అటకల మీద ఉన్నవి. వారు చెప్పిన పాళ్లు మన నోట ఉన్నవి.

వీశను మార్చుట తేలిక. అది 120 తులముల తూకము, ఇంచుమించు 1,400 గ్రాములు. చేపలైనను బెల్లమైనను వీశ వీశయే. సోల అట్లు కాదు. ఈ భేదము నాకు ఒక ఏటి ఆవకాయ ఖరీదుకు తెలిసినది.

మా యింటి పాళ్లు ఇవి: మిరపపొడి సోల, ఆవపిండి సోల, ఉప్పు మూడు గిద్దలు. చదువుకొన్నవాడను గదా యని నేను వానిని తూకమునకు మార్చితిని. పొడులు చెరి 200 గ్రాములు, ఉప్పు 150 గ్రాములు! లెక్క చూచుటకు చక్కగనే యున్నది. నెల తిరుగకుండ జాడీలో బూజు పట్టినది. మా అమ్మ జాడీ మూత తీసి చూచి, "ఉప్పు చాలలేదురా" అని ఊరకున్నది.

జరిగిన దేమనగా, మిరపపొడి గుల్లయైన వస్తువు. రేణువుల నడుమ గాలి యెక్కువ. 200 మిల్లీలీటర్ల గిన్నెలో నీరు 200 గ్రాములుండగా, మిరపపొడి 80 మొదలు 100 గ్రాములకు మించదు. అదే గిన్నెలో మెత్తని ఉప్పు సుమారు 240 గ్రాములు తూగును. కావున నా 200 గ్రాముల మిరపపొడి సోల కాదు, రెండు సోలలకు దగ్గర. దానికి పడవలసిన ఉప్పు నేను వేసినదానికి రెట్టింపునకు పైన. ఊరగాయను నిలువ యుంచునది ప్రధానముగా ఉప్పే గనుక ఫలితము తప్పలేదు.

ఉప్పులోను తేడా యున్నది. ఇసకపల్లి ఉప్పుమళ్లలో పండు కల్లుప్పు గిన్నెలో సందులు విడిచి నిలుచును. దానినే దంచి కొలిచినచో అదే గిన్నెలో మరికొంత పట్టును. పెద్దలు "దంచిన ఉప్పు" అని ప్రత్యేకించి చెప్పుట ఇందుకే.

కనుక సోలకు ఇన్ని గ్రాములని ఒకే అంకె ఎవరును ఈయజాలరు. సోలయే ఊరూర ఒక తీరు. మీ యింటి సోలను ఖాళీగా తూచి, అంచుదాక నీరు పోసి మరల తూచుడు. పెరిగిన గ్రాములెన్నో అన్ని మిల్లీలీటర్ల సోల అది. పిమ్మట పొడిగుడ్డతో తుడిచి, మీరు వాడు వస్తువులను ఒక్కొక్కటిగా నింపి తూచి వ్రాసికొనుడు. రాశిపోసి కొలుచుట మీ యింటి వాడుకయైనచో అట్లే కొలువుడు. అంచుకు రాచి కొలుచువారు అట్లే రాచవలెను. అదిమి నింపరాదు. నూనె నీటికన్న కొంచెము తేలిక: 200 మిల్లీలీటర్లకు సుమారు 184 గ్రాములు. బియ్యము అదే గిన్నెకు 160 మొదలు 170.

పులుసులకు ఈ శ్రమ యేల? చేపల పులుసునకు చింతపండు నిమ్మకాయంత యన్నచో అంతే. కాటా తెచ్చినవానిని చూచి నవ్వుదురు. నిలువ యుండవలసిన ఊరగాయలకు, ఉప్పుచేపలకు, పాకము కుదరవలసిన అరిసెలకు మాత్రము తూకము మేలు.

మా కాగితము వంటయింటి అలమర తలుపునకు లోపల అంటించి యున్నది. ఉప్పు అంకె ప్రక్కన "వేసవిలో తూచినది" అని వ్రాసితిని. సముద్రపు గాలికి కార్తిక మాసములో ఉప్పు చెమ్మగిల్లును; అప్పుడు దానిని మరల తూచవలెను.