పదిమంది మాట, నాబోతు పొలము: మన్యములో అధికసంఖ్యాకుల పాలనకు హద్దులు

నాబోతు ద్రాక్షతోట వృత్తాంతమును (1 రాజులు 21) మనము సాధారణముగా అహాబు దురాశను గూర్చి ప్రసంగించుటకు వాడుతాము. అయితే ఆ అధ్యాయములో రాజు కత్తి దూయలేదు. ఉపవాసదినము చాటించారు, సభ కూడింది, ఇద్దరు సాక్ష్యము పలికారు, పట్టణపు పెద్దలు సమ్మతించారు, రాళ్లు పడ్డాయి. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. సభ ఒప్పుకుంటే న్యాయమే అనే వాదమునకు లేఖనములో ఇంతకంటె గట్టి జవాబు మాకు కనబడలేదు.

1787లో అమెరికాలో జేమ్స్ మాడిసన్ 'ఫెడరలిస్టు' పదవ వ్యాసములో ఈ ప్రమాదమునే చర్చించాడు. ఒకే స్వార్థముతోనో ఆవేశముతోనో ఏకమై ఇతరుల హక్కులకు అడ్డుపడే గుంపును ఆయన వర్గము అన్నాడు. అది చిన్నదైతే ఓటుతో అణచవచ్చు. పెద్దదైతే ఓటే దాని ఆయుధము. దేశము విశాలమైన కొలది వర్గములు పెరిగి, ఏ ఒక్కటీ పెత్తనము చేయలేదని ఆయన ఆశ. (ఆయన స్వయముగా బానిసల యజమాని అన్న సంగతి మరువరాదు.) ఈ ఆశ అరకులో నిలువదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనులు సుమారు 7 శాతము. రాష్ట్రము ఎంత విశాలమైతే వారు అంత కొద్దిమంది అవుతారు.

అందుచేత మన రాజ్యాంగము వేరొక మార్గము పట్టింది. ఐదవ షెడ్యూలు ప్రకారము శాసనసభ చేసిన చట్టమును కూడా ఏజెన్సీలో వర్తింపకుండ గవర్నరు ఆపవచ్చు. గిరిజన సలహా మండలిలో సభ్యులు ఇరవైకి మించరాదు. వారిలో మూడు వంతులు గిరిజన శాసనసభ్యులే. మన ప్రాంతములో అందరి నోట ఉన్న 1/70 ఈ షెడ్యూలు కడుపున పుట్టినదే. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనరాదు. వారి చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని, కాదని రుజువయ్యేవరకు చట్టము భావిస్తుంది.

అయితే ప్రభుత్వమే భూమి ఇస్తే? అనంతగిరి మండలములో బొర్రా పరిసరాల గనుల లీజుల మీద 'సమత' సంస్థ వేసిన వ్యాజ్యములో ఈ ప్రశ్నయే వచ్చింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, 'వ్యక్తి' అను మాటలో ప్రభుత్వము కూడా చేరుతుందని, తన భూమినైనను అది గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనములో ఒకరు విభేదించారు. అహాబు కూడా ధర్మశాస్త్రమునకు లోబడవలసిన ఒక మనిషియే గదా! కాని ప్రభుత్వ సంస్థలకు ఆ తీర్పు తలుపు మూయలేదు. 2015లో బాక్సైటు తవ్వకమునకు అడవిభూమి ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకే దక్కింది. ప్రజల ప్రతిఘటన తరువాత 2019లో ఆ ఉత్తర్వు రద్దయింది.

సరిహద్దు ఆవల ఒడిశాలోని నియమగిరి విషయము పాస్టర్లను మరింత కలవరపెట్టాలి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశముపై 12 గ్రామసభలు కూడి గని వద్దన్నాయి. అక్కడ కాపాడబడినది డోంగ్రియా కోందుల కొండదేవుని ఆరాధన. మన ప్రార్థనకూటములకు అండగా నిలిచే 25వ అధికరణమే వారికీ అండ అయింది. ఒకదానిని కోరి మరియొకదానిని కాదనలేము.

ఈ రక్షణకును అంచు ఉన్నది. ఏజెన్సీ పాఠశాలలలో ఉపాధ్యాయ ఉద్యోగములన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనము కొట్టివేసింది. మాకు ఆ తీర్పు బాధ కలిగించింది. అయినను తరతరాలుగా కొండలలోనే ఉన్న గిరిజనేతర పేదకూలి బిడ్డ ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి అను ప్రశ్నను తోసివేయలేము. గ్రామసభలో సైతము బగత, కొండదొర కుటుంబములు అనేకమై, పోర్జ కుటుంబములు నాలుగే ఉండవచ్చు. క్రైస్తవులు నాలుగిళ్లయిన ఊరు ఉన్నది. తక్కినవారు నాలుగిళ్లయిన ఊరూ ఉన్నది. రెండవ ఊరిలో మన సంఘపెద్దలు పాత పండుగ చేసుకునే ఇంటికి ఏమి చేస్తున్నారు?

అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడు విధవరాండ్రు రోజువారీ పంపకములో మరువబడ్డారు. సంఘములో ఎక్కువమంది హెబ్రీయులైనను, ఏర్పరచబడిన ఏడుగురికీ గ్రీకు పేర్లే. పంపకము, లెక్క, సణిగినవారి పక్షము చేతికే వెళ్లింది.