ద్రాక్షయంత్రము

మాఘ ఫాల్గుణ మాసములలో హైదరాబాదున అడిక్‌మెట్ మొదలు నారాయణగూడ వఱకు తోపుడుబండ్లపై ద్రాక్షపండ్లు రాసులు పోసి అమ్ముచుందురు. తెల్లద్రాక్షనుండి తెల్లవైనును, నల్లద్రాక్షనుండి ఎఱ్ఱవైనును పుట్టునని తలచుట సహజమే. కాని నల్లపండు నొకదానిని చిదిమి చూచినచో లోని రసము దాదాపు వర్ణహీనమై కనబడును. రంగంతయు తోలునందే యున్నది. కావున వైన్ జాతిని నిర్ణయించుటలో పండునకెంత పాత్ర కలదో, దానిని యంత్రములో నెప్పుడు పిండుదురను దానికిని నంతటి పాత్ర కలదు.

ఈ యంత్రము మిక్కిలి పురాతనము. ఆర్మేనియాలోని అరేనీ గుహలో ఈ శతాబ్దారంభమున బయల్పడిన మట్టితొట్టి సుమారు ఆఱువేల యేండ్ల నాటిది. అందు ద్రాక్షను కాళ్లతో త్రొక్కగా రసము ప్రక్కనున్న భాండములోనికి జాఱెడిదని పురాతత్త్వజ్ఞుల యూహ. రోమకులు పొడవైన దూలమును మీటగా వాడిరి; క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక రచయిత ప్లీనీ మరచుట్లుగల యంత్రమును గూర్చి వ్రాసెను. 15వ శతాబ్దమున గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రమునకు ఇదియే మార్గదర్శి యైనదందురు. గ్రంథమును మద్యమును ఒక యింటి బిడ్డలే యన్నచో మన పెద్దలు ముఖము చిట్లింతురేమో!

తెల్లవైనునకు పండ్లు కోసిన వెంటనే పిండుదురు. తోలును గింజలును తొలగిన పిమ్మట రసమొక్కటే పులియును. ఎఱ్ఱవైనున క్రమము తాఱుమాఱు: చిదిపిన నల్లపండ్లను తోలుతో గింజలతో తొట్టిలో పులియనిచ్చి, పులియుచున్న రసము తోలులోని ఆంథోసయనిన్ వర్ణకములను, నాలుకను పట్టునట్టి వగరు టానిన్లను లాగుకొనిన మీదట, దినములో వారములో గడచిన తరువాత, యంత్రమున కెక్కింతురు. కొన్ని గంటలు మాత్రము నానిచ్చి పిండినచో గులాబిచాయ గల రోజే వైన్ తేలును. షాంపేన్ సీమవారిది మఱింత సున్నితమైన పని. నల్లద్రాక్షనుండి సైతము రంగు దిగని రసమును తీయవలెను గనుక, 4,000 కిలోల పండ్లకు 2,550 లీటర్లకు మించి పిండరాదని కట్టడి చేసికొనిరి. ఆ రసము వైనైన పిదప సీసాలో రెండవమాఱు పులిసి, బయటికి పోలేని బొగ్గుపులుసు వాయువు బుడగలకు కారణమగును. పోర్టు వైను తీరు వేఱు: సగము పులియుచుండగనే ద్రాక్షసారాయి కలిపి ఈస్టును చంపుదురు గాన చక్కెర మిగులును, ఆల్కహాలు 20 శాతమునకు చేరువ యగును.

చెఱకుగానుగకు పిప్పిని ఎంత పీడించిన నంత లాభము; ద్రాక్షయంత్రమునకు సంయమమే గుణము, ఏలయన గింజ చిట్లినచో చేదు దిగును. అందులకే 1951లో జర్మనీలో విల్మెస్ సంస్థ రూపొందించిన యంత్రము రబ్బరుసంచిని గాలితో ఉబ్బించి పండ్లను మెల్లగా నొత్తినది.

అయినను లేని చక్కెరను ఏ యంత్రమును పుట్టింపజాలదు. అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదునకు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ అను ద్రాక్షరకము ఒకప్పుడు నగర పరిసరములలోని తోటల నేలినది. పెద్ద గుత్తులు, విరివియైన కాపు, తినుటకు హాయి. కాని దాని రసమున చక్కెర 15 శాతమునకు అటునిటు. లీటరునకు ఇంచుమించు 17 గ్రాముల చక్కెర పులిసినగాని ఒక శాతము ఆల్కహాలు పుట్టదు. ఆ లెక్కన మన ద్రాక్ష 9 శాతము దాటదు, మంచి ఎఱ్ఱవైనునకో 12, 13 కావలయును. అందుచేతనే నాసిక్, బెంగుళూరు ప్రాంతములవారు షిరాజ్, కాబర్నే వంటి చిన్నపండ్ల రకములను నాటి, కాపు తగ్గించి, చక్కెర 22 శాతమునకు ఎక్కు వఱకు వేచి కోయుదురు.